కణితి తవ్వుకునే కాలువలు: స్త్రీల క్యాన్సర్లలో వీఈజీఎఫ్

పెద్దవాళ్ల ఒంట్లో కొత్త రక్తనాళాలు పుట్టడం చాలా అరుదు. ఏదైనా గాయం మానేటప్పుడు ఆ చోట నాలుగు కొత్త నాళాలు మొలుస్తాయి, పని అయ్యాక అవీ సద్దుమణుగుతాయి. స్త్రీ శరీరంలో మాత్రం ఇది నెలనెలా జరిగే పని. అండం విడుదలైన చోట కార్పస్ ల్యూటియమ్ అనే పసుపు ముద్ద ఏర్పడుతుంది. కొద్ది రోజుల్లోనే దాని నిండా నాళాలు అల్లుకుంటాయి. గర్భసంచి లోపలి పొర నెలసరిలో రాలిపోయి, మళ్లీ నాళాలతో సహా లేచి వస్తుంది. కడుపు పండితే మాయ తల్లి నెత్తురులోకి వేళ్లు దించుతుంది. ఈ పనులన్నిటి వెనుకా ముఖ్యంగా కనిపించే ప్రోటీన్ వాస్కులర్ ఎండోథీలియల్ గ్రోత్ ఫ్యాక్టర్. డాక్టర్లు పొట్టిగా వీఈజీఎఫ్ అంటారు. అండాశయం, గర్భసంచి క్యాన్సర్లు దీన్ని కొత్తగా కనిపెట్టుకోనక్కరలేదు. అవి పుట్టిన ఇంట్లోనే ఆ యంత్రం ఉంది. రుతుచక్రానికి లోబడి ఆగుతూ సాగుతూ ఉండే యంత్రాన్ని అవి ఆపకుండా తిప్పుతాయి, అంతే.

ఈ యంత్రాన్ని ఆపగలిగితే కణితి మాడిపోతుందన్న ఆశతో ఇరవై ఏళ్లకు పైగా మందులు వాడుతున్నారు. ఆ ఆశలో ఎంత నిలిచింది, ఎవరికి నిలిచింది, గోదావరి జిల్లాల్లో పొట్ట ఉబ్బి ఆస్పత్రికి వచ్చే ఆడమనిషికి అందులో ఏం దక్కుతుంది అన్నది ఈ వ్యాసం విషయం.

1971 నవంబరులో బోస్టన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక వ్యాసం రాశాడు. సొంత రక్తనాళాలు లేకుండా కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేదని, ఆ నాళాలను రానివ్వకపోతే దాన్ని అక్కడే నిలబెట్టవచ్చని ఆయన వాదన. అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువ. పన్నెండేళ్ల తర్వాత, 1983లో, అదే ఊళ్లో డొనాల్డ్ సెంగర్, హెరాల్డ్ డ్వోరాక్ వేరే వైపు నుంచి తీగ లాగారు. కణితులున్న గినీ పందుల పొట్టలో నీరు ఎందుకు చేరుతోందని వెతికితే, ఆ నీటిలోనే ఒక ప్రోటీన్ దొరికింది. నాళాల గోడల నుంచి ద్రవం కారేలా చేయడంలో అది హిస్టమిన్ కన్నా సుమారు 50 వేల రెట్లు బలమైనది. 1989లో జెనెన్‌టెక్ కంపెనీలో నపోలియోన్ ఫెరారా ఆవు పిట్యూటరీ కణాల నుంచి నాళాలను పెంచే ప్రోటీన్‌ను వేరుచేశాడు. జన్యువు చదివి చూస్తే ఈ రెండు ప్రోటీన్లూ ఒక్కటే. నాళాన్ని పెంచేదీ, నాళాన్ని కార్చేదీ వీఈజీఎఫ్ అని అలా తేలింది. ఈ రెండో గుణాన్ని చాలామంది రచయితలు ఒక వాక్యంలో దాటేస్తారు. అండాశయ క్యాన్సర్ విషయంలో అసలు కథ అందులోనే ఉందని నా నమ్మకం.

కణితికి వీఈజీఎఫ్ అవసరమని ఎవరు చెబుతారు? ఆక్సిజన్ కొరత. గాలి అందని కణంలో హెచ్ఐఎఫ్ అనే ప్రోటీన్ విరగకుండా నిలబడి, వీఈజీఎఫ్ జన్యువును తట్టి లేపుతుంది. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో విప్పి చెప్పినందుకే 2019 వైద్య నోబెల్‌ను కేలిన్, ర్యాట్‌క్లిఫ్, సెమెంజా పంచుకున్నారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో దీనికి తోడు వైరస్ కూడా చేయి వేస్తుంది. హెచ్‌పీవీ తయారుచేసే ఈ6, ఈ7 ప్రోటీన్లు కణాన్ని కాపలా కాసే పీ53 లాంటి వాటిని పడగొట్టడంతో ఊరుకోవు, వీఈజీఎఫ్ ఉత్పత్తినీ పెంచుతాయి. విడుదలైన వీఈజీఎఫ్ పక్కనున్న నాళకణాల మీది రిసెప్టర్లకు, ముఖ్యంగా వీఈజీఎఫ్ఆర్-2కు, అతుక్కుంటుంది. నాళకణాలు విభజన చెంది, పాకి, కొత్త గొట్టాలవుతాయి.

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ గొట్టాల తీరు ఇట్టే అర్థమవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువలకు లాకులున్నాయి, తూములున్నాయి, పొలం తడిసిన నీరు పోవడానికి డ్రెయిన్లున్నాయి. కణితి తవ్వుకునే కాలువలకు ఇవేవీ ఉండవు. వంకరటింకర, ఒకచోట ఉబ్బు, ఒకచోట చచ్చు, గట్లనిండా గండ్లు. నీరు దారి తప్పి చుట్టూ ముంచేస్తుంది. మధ్యలో కొన్ని మడులు ఎండే ఉంటాయి. ఆ ఎండిన చోటికి కీమో మందూ చేరదు. బోస్టన్‌లో పనిచేసే భారతీయ శాస్త్రవేత్త రాకేశ్ జైన్ 2001లో ఇక్కడే ఒక వాదన లేవదీశారు. వీఈజీఎఫ్‌ను కొంత అణిస్తే నాళాలు చావడం కన్నా ముందు కాస్త సర్దుకుంటాయి, ఆ సర్దుకున్న కొన్నాళ్లలో కీమో లోపలికి బాగా వెళ్తుంది అని. మందు ఒంటరిగా ఇచ్చినప్పటి కన్నా కీమోతో కలిపినప్పుడే ఎక్కువ పనిచేయడానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఆ మందు బెవాసిజుమాబ్. వీఈజీఎఫ్‌ను రక్తంలోనే పట్టుకుని నాళకణాన్ని ముట్టనివ్వని యాంటీబాడీ. 2004 ఫిబ్రవరిలో అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి పొందింది. మన ఊళ్లలో షుగర్‌తో చూపు మందగించి కంటి ఆస్పత్రికి వెళ్లినవాళ్లలో చాలామందికి ఇది కంట్లో వేసే ఇంజెక్షన్‌గా తెలుసు. కంటికి వాడేది 1.25 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి క్యాన్సర్ కోసం పూర్తి మోతాదు ఎక్కిస్తే 900 మిల్లీగ్రాములు, అదీ మూడు వారాలకు ఒకసారి. కంటి ఇంజెక్షన్ అనుభవంతో, అదేం చేస్తుందిలే అని తేలికగా తీసుకునే కుటుంబాలకు ఈ తేడా ముందే చెప్పాలి.

అండాశయంతో మొదలుపెడదాం. గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం దేశంలో ఏడాదికి సుమారు 47 వేల మందికి ఈ క్యాన్సర్ వస్తోంది, సుమారు 33 వేల మంది చనిపోతున్నారు. పొట్ట బిగుతు, ఆకలి మందగించడం, గ్యాస్ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగడం, చివరికి పొట్టలో నీరు చేరాక స్కానింగ్. ఎక్కువమంది మూడో దశలోనో నాలుగో దశలోనో బయటపడతారు. ఆ నీటికి ముఖ్య కారణం వీఈజీఎఫ్. కణితి గింజలు పొట్ట పొర నిండా అంటుకుని వీఈజీఎఫ్‌ను చిమ్ముతుంటే, పొరలోని నాళాలు కారుతుంటాయి. సూది పెట్టి నాలుగైదు లీటర్లు తీసినా వారం తిరిగేసరికి మళ్లీ నిండుతుంది. ఈ బాధ చూసినవాళ్లకు మందు ఎంత బతుకు ఇస్తుంది అన్న ప్రశ్నతో పాటు ఎంత ఊపిరి ఇస్తుంది అన్న ప్రశ్నా ముఖ్యమే.

2011 డిసెంబరులో రెండు పెద్ద ప్రయోగాల ఫలితాలు ఒకే సంచికలో వచ్చాయి. జీఓజీ-218లో 1,873 మంది స్త్రీలు. మామూలు కీమో తీసుకున్నవాళ్లలో వ్యాధి ముదరకుండా నిలిచిన మధ్యగత కాలం 10.3 నెలలు. బెవాసిజుమాబ్ కీమోతో మొదలై ఆ తర్వాతా కొనసాగిన గుంపులో 14.1 నెలలు. కీమోతో పాటే ఆపేసిన గుంపులో 11.2. యూరప్ వైపు నడిచిన ఐకాన్-7లో 1,528 మంది, అక్కడ మోతాదు సగమే. వ్యాధి నిలిచిన కాలంలో తేడా ఒకటి రెండు నెలలు. మొత్తం జీవితకాలం చూస్తే రెండింటిలోనూ తేడా లేదు. ఐకాన్-7 తుది లెక్కలో ఇరువైపులా 58 నెలల చిల్లర.

ఇక్కడితో ఆపేస్తే మందు ఓడిపోయినట్టే. కానీ అందరినీ ఒకే రాశిగా పోసి సగటు తీయడం వల్ల ఒక సంగతి మరుగున పడింది. ఐకాన్-7లోనే ఆపరేషన్ తర్వాత కణితి ఎక్కువ మిగిలినవాళ్లు, నాలుగో దశవాళ్లు, ఆపరేషనే కుదరనివాళ్లను విడిగా చూస్తే, మధ్యగత జీవితకాలం 30.2 నెలల నుంచి 39.7కు పెరిగింది. జీఓజీ-218లో నాలుగో దశవాళ్లకు 32.6 నుంచి 42.8. పొట్టలో నీరు ఉన్నవాళ్లకే మందు మేలు చేసిందని, నీరు లేనివాళ్లకు పెద్దగా ఒరిగింది లేదని ఆ ప్రయోగం మీద తర్వాత చేసిన పరిశీలన ఒకటి చెప్పింది. ఉపగుంపుల లెక్కలను అతిగా నమ్మకూడదన్న హెచ్చరిక వైద్యశాస్త్రంలో పాతదే. అయినా రెండు వేర్వేరు ఖండాల ప్రయోగాలు ఒకే వైపు వేలు చూపుతున్నప్పుడు, జీవశాస్త్రం కూడా అదే చెబుతున్నప్పుడు, దాన్ని కాదనడం కష్టం. నీరు కార్చే కణితికి వీఈజీఎఫ్ ఎక్కువ, అక్కడే వీఈజీఎఫ్ మందుకు పని.

తిరగబెట్టిన వ్యాధిలో చిత్రం ఇంకా స్పష్టం. కార్బోప్లాటిన్ వంటి ప్లాటినం మందులకు లొంగని 361 మందితో నడిచిన అరేలియా ప్రయోగంలో వ్యాధి నిలిచిన కాలం 3.4 నెలల నుంచి 6.7కు, అంటే దాదాపు రెట్టింపు అయింది. మొదట నీరు ఉన్నవాళ్లలో, కీమో మాత్రమే తీసుకున్న నూటికి 17 మందికి మళ్లీ నీరు తీయాల్సి వచ్చింది. బెవాసిజుమాబ్ కలిపిన చోట నూటికి ఇద్దరికే. పొట్ట బాధలు గణనీయంగా తగ్గాయన్నవాళ్లు కూడా రెట్టింపు పైనే. జీవితకాలం పెంచలేదని దీన్ని తీసిపారేసే వ్యాసాలు చదివినప్పుడల్లా నాకు అనిపించేది, వాటిని రాసినవాళ్లు జలోదరంతో కూర్చునే నిద్రపోయే మనిషిని చూసి ఉండరని. వీఈజీఎఫ్‌ను మరింత గట్టిగా పట్టే అఫ్లిబర్సెప్ట్‌ను అచ్చంగా నీటి కోసమే 55 మందిపై ప్రయోగించారు. మళ్లీ నీరు తీసే వ్యవధి 23 రోజుల నుంచి 55 రోజులకు పెరిగింది, కానీ పేగుకు చిల్లు పడి ప్రాణం మీదికి వచ్చిన ఘటనలూ చోటుచేసుకున్నాయి. అందుకే క్యాన్సర్ పేగు గోడను పట్టిందని స్కానింగ్‌లో కనిపిస్తే, లేదా పేగు మూసుకుపోయిన లక్షణాలుంటే ఈ తరగతి మందుల జోలికి పోరు.

పజోపనిబ్, సెడిరనిబ్, నింటెడనిబ్, ట్రెబననిబ్ అంటూ మాత్రలు, ఇంజెక్షన్లు మరికొన్ని అండాశయంలో పరీక్షకు నిలిచాయి. వ్యాధిని కొంతకాలం నిలిపినవే అన్నీ. జీవితకాలం పెంచామని గట్టిగా నిరూపించుకోలేక పక్కకు జరిగాయి. వాటి గురించి ఇంతకన్నా రాయాల్సింది లేదు. బెవాసిజుమాబ్‌కు ఓలాపరిబ్ మాత్రను జోడించిన పావోలా-1 మాత్రం వేరు. 806 మందిలో, డీఎన్ఏ మరమ్మతు లోపం ఉన్న కణితుల్లో, వ్యాధి నిలిచిన కాలం 17.7 నెలల నుంచి 37.2కు పోయింది. ఆ లోపం లేనివాళ్లకు లాభం లేదు. అంటే మందుకు ముందు పరీక్ష కావాలి. ఆ లోపాన్ని పట్టే హెచ్ఆర్‌డీ పరీక్ష ఖరీదే చాలా ఇళ్లలో అడ్డంకి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దగ్గర ఇంకా పెద్ద బరువు. 2022 అంచనాలో దేశంలో సుమారు 1 లక్షా 27 వేల కొత్త కేసులు, 80 వేలకు దగ్గరగా మరణాలు. తిరగబెట్టిన, లేదా దూరాలకు పాకిన ఈ వ్యాధికి దశాబ్దాలపాటు ఏ మందూ జీవితకాలాన్ని చెప్పుకోదగ్గంత పెంచలేదు. 2014లో ప్రచురితమైన జీఓజీ-240 ఆ గోడకు మొదటి కన్నం. 452 మంది స్త్రీలు, కీమోకు బెవాసిజుమాబ్ కలిపితే జీవితకాలం 13.3 నెలల నుంచి 17.0కు. వీఈజీఎఫ్ అడ్డుకునే మందు ఒక స్త్రీల క్యాన్సర్‌లో మొత్తం ప్రయోగం మీద ప్రాణకాలం పెంచడం అదే మొదలు. అదే ఏడాది ఆగస్టులో అమెరికా అనుమతించింది. ఆ తర్వాత ఇమ్యునోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్ వచ్చి చేరింది. 2021 నాటి కీనోట్-826లో దాదాపు మూడింట రెండొంతుల మంది బెవాసిజుమాబ్‌నూ తీసుకున్నారు.

నాలుగు నెలలు తక్కువా ఎక్కువా అన్న తర్కం కన్నా, వాటి వెల ఏమిటన్నది నన్ను ఎక్కువ ఆపింది. జీఓజీ-240లో బెవాసిజుమాబ్ తీసుకున్న నూటికి ఎనిమిది మందికి పేగుకూ యోనికీ మధ్య దారి పడింది. మందు లేని గుంపులో ఇది నూటికి ఒకరికి. ఆ దారి పడిన ప్రతి ఒక్కరూ అంతకుముందు కటి ప్రాంతానికి రేడియేషన్ తీసుకున్నవాళ్లే. రేడియేషన్ తిన్న కండ అసలే నెత్తురు తక్కువై పలచబడి ఉంటుంది. కొత్త నాళాలు మొలిచి మానాల్సిన చోట వీఈజీఎఫ్‌ను కట్టేస్తే పుండు మానదు. మన జిల్లాల్లో ఈ క్యాన్సర్ ఎక్కువగా ముదిరాకే బయటపడుతుంది. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో విశాఖలోనో 'కరెంటు పెట్టించుకోవడం' దాదాపు అందరికీ తప్పదు. కాబట్టి తిరగబెట్టినప్పుడు ఈ మందు అడిగే ప్రతి స్త్రీకీ ఆ ముప్పు వర్తిస్తుంది. మలం యోని గుండా కారే స్థితిలో ఉమ్మడి ఇంట్లో ఆడమనిషి బతుకు ఎలా ఉంటుందో ప్రయోగ నివేదికలో ఏ పట్టికా చెప్పదు. ఇంటిల్లిపాది తినే చోటుకు రాలేక, వంటింటికి దూరమై, వెనకవైపు వసారాలో మంచం వేయించుకున్నవాళ్లున్నారు. సంతకం పెట్టించుకునే ముందు ఈ సంగతి తెలుగులో, మెల్లగా, ఆవిడకే చెప్పాలి. కొడుక్కో మొగుడికో మాత్రమే చెబితే చెప్పినట్టు కాదు.

గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ముట్లుడిగాక రక్తం కనిపించడంతో తొందరగానే బయటపడుతుంది, ఆపరేషన్‌తో చాలామంది గట్టెక్కుతారు. ముదిరినవాళ్లకు బెవాసిజుమాబ్ కీమోకు కలిపి చూసిన ప్రయోగాలు గట్టి ఫలితం ఇవ్వలేదు. ఫలితం వేరే దారిన వచ్చింది. వీఈజీఎఫ్ రిసెప్టర్లను లోపలి నుంచి మూసే లెన్వాటినిబ్ అనే మాత్రను పెంబ్రోలిజుమాబ్‌తో జోడించి, 827 మందితో నడిపిన కీనోట్-775లో జీవితకాలం 11.4 నెలల నుంచి 18.3కు పెరిగింది. నాళాలు సర్దుకుంటే రోగనిరోధక కణాలు కూడా కణితిలోకి సులువుగా చేరతాయని, వీఈజీఎఫ్ స్వయంగా ఆ కణాలను మందగింపజేస్తుందని వివరణ. ఖరీదు సంగతి పక్కన పెట్టినా ఒళ్లు చెల్లించే మూల్యం తక్కువ కాదు. మూడింట రెండొంతుల మందికి బీపీ లేచింది, అంతే నిష్పత్తిలో లెన్వాటినిబ్ మోతాదు తగ్గించాల్సి వచ్చింది. గర్భసంచి కండరంలో పుట్టే లియోమయోసార్కోమాలో బెవాసిజుమాబ్ కలిపినా ఏమీ తేడా రాలేదు.

ఇప్పుడు ఈ వరసలో ఇమడని ఒక క్యాన్సర్. ముత్యాల గర్భం తర్వాత, కొన్నిసార్లు మామూలు కాన్పు తర్వాత కూడా, మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా. ఊపిరితిత్తులకూ మెదడుకూ వేగంగా పాకుతుంది, ఎక్కడ పడితే అక్కడ రక్తం కారుస్తుంది. విచిత్రమేమంటే దీనికి సొంత రక్తనాళాలు లేవు. మాయ కణాలు పుట్టుకతోనే తల్లి నాళాలను కొరికి లోపలికి చొచ్చుకుపోయే రకం. ఆ విద్య మర్చిపోకుండానే ఇవి క్యాన్సరవుతాయి. తల్లి నెత్తురులో నేరుగా మునిగి పెరుగుతాయి. ఫోక్‌మన్ సూత్రానికి ఎదురు నిలిచే కణితి ఇది. తనకు కావలసిన నెత్తురు ఎదురుగా పారుతుంటే కాలువ తవ్వే పని ఏముంది?

ఒంటి నిండా పాకాక కూడా కేవలం మందుతో నయమైన మొదటి గట్టి కణితి ఇదే. నయం చేసిన మందు మెథోట్రెక్సేట్. దాని వెనుక భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. రాజమహేంద్రవరంలో కొంత చదువు, మద్రాసులో వైద్యం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతో, అనపర్తి మామగారి అండతో అమెరికా ప్రయాణం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ మీద పని. ఆ తర్వాత లెడర్లే లాబొరేటరీస్‌లో ఆయన నడిపించిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశాయి. దాన్ని ఎదిరించే అమినోప్టెరిన్, అమెథోప్టెరిన్‌లనూ తయారుచేశాయి. ఆ రెండోదే మెథోట్రెక్సేట్. అదే లెడర్లే నుంచి డైఇథైల్ కార్బమజైన్ వచ్చింది. కాళ్లు వాచి, ఏళ్ల తరబడి డెల్టా జనం మోసిన బోదకాలు వ్యాధికి పంచిపెట్టే మాత్ర అదే. అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్ తాత్కాలికంగా తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్‌ను కోరియోకార్సినోమాకు వాడి 1956లో ఫలితాలు వెల్లడించారు. కణితి కనిపించడం మానేశాక కూడా, అది విడిచే హెచ్‌సీజీ హార్మోన్ పూర్తిగా దిగేదాకా మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. ఆ పట్టుదల ఆయన ఉద్యోగానికి ముప్పు తెచ్చింది. తర్వాతి కాలం ఆయనదే ఒప్పని తేల్చింది. ఇప్పుడు తక్కువ ప్రమాదం ఉన్న రకంలో దాదాపు అందరూ బతుకుతున్నారు, వాళ్లలో చాలామంది మళ్లీ తల్లులవుతున్నారు.

ఈ రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే కొంత చేదుగానే ఉంటుంది. కణం విభజనకు కావలసిన ఫోలేట్‌ను అడ్డుకున్న మందు ఒక క్యాన్సర్‌ను వేళ్లతో సహా పీకేసింది. నెత్తురు దారిని అడ్డుకున్న మందులు ఎన్ని వేల మందిపై ప్రయోగించినా నెలల్లోనే లెక్క తేల్చాయి. నాళాలను ఒక దారిలో మూస్తే కణితి వేరే దారి వెతుక్కుంటుంది. ఎఫ్‌జీఎఫ్, యాంజియోపోయిటిన్ లాంటి వేరే సంకేతాలు పంపుతుంది, లేదా ఉన్న నాళాలనే చుట్టుకుని పెరుగుతుంది. కోరియోకార్సినోమాలోనూ మెథోట్రెక్సేట్ సహా మందులన్నీ విఫలమైన 20 మంది చైనా స్త్రీలకు వీఈజీఎఫ్ రిసెప్టర్ మాత్ర అపాటినిబ్‌ను ఇమ్యునోథెరపీ మందు క్యామ్రెలిజుమాబ్‌తో కలిపి ఇస్తే 11 మందికి కణితులు తగ్గాయి. 2021లో వచ్చిన ఈ ఫలితం చిన్నదే, కానీ నాళాలు తవ్వని కణితి కూడా వీఈజీఎఫ్ మాట కొంత వినవచ్చని సూచించింది. సుబ్బారావు దారి కూడా అక్కడితో ఆగలేదు. ప్లాటినంకు లొంగని అండాశయ క్యాన్సర్‌లో ఫోలేట్ రిసెప్టర్‌ను గురిపెట్టే మిర్వెటుక్సిమాబ్ అనే మందు 2023లో జీవితకాలాన్ని 12.7 నుంచి 16.5 నెలలకు పెంచింది. ఆ దశలో బెవాసిజుమాబ్ చేయలేకపోయిన పని అది.

డెల్టా సంగతికి వద్దాం. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1 లక్షా 80 వేల జనాభాలో, ఏడాదిపాటు ప్రతి మరణానికీ కారణం వెతికారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ చేసిన పని. 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. క్యాన్సర్ 7 శాతం. అదే ప్రాంతంలో ముప్పై దాటినవాళ్లలో 13 శాతం మందికి షుగర్ ఉందని మరో అధ్యయనం. ఇరవై ఏళ్ల కిందటి పల్లెటూళ్ల లెక్కలివి, ఇప్పుడు తగ్గి ఉంటాయని ఎవరూ అనుకోరు. వీఈజీఎఫ్ కట్టేసే ప్రతి మందూ బీపీ పెంచుతుంది, మూత్రంలో ప్రోటీన్ పోగొడుతుంది, రక్తం గడ్డకట్టే ముప్పు పెంచుతుంది. మామూలు రోజుల్లో నాళగోడల కణాలు ఆరోగ్యంగా ఉండటానికి కూడా కాస్త వీఈజీఎఫ్ కావాలి కనుక. అంటే కోనసీమలో బీపీ మాత్ర సగం రోజులు మానేసే యాభై ఏళ్ల ఆడమనిషికి ఈ మందు ఇచ్చేముందు క్యాన్సర్ డాక్టరు కన్నా ఊళ్లో బీపీ చూసే ఏఎన్ఎం ముఖ్యం కావచ్చు. ప్రతి డ్రిప్పుకూ ముందు బీపీ, మూత్రపరీక్ష, పెద్ద ఆపరేషన్ అయిన నాలుగు వారాల లోపు మందు మొదలుపెట్టకపోవడం — ఇవి పాటించగలిగే ఆస్పత్రిలోనే దీన్ని వాడాలి.

మన రాష్ట్రానిదే మరో వింత. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 8.9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. అంత ఎక్కువ మరే రాష్ట్రంలోనూ లేదు. తెల్లబట్ట అంటే భయం, రక్తం ఎక్కువైతే భయం, ఉంచితే క్యాన్సర్ అవుతుందని ఎవరో అన్నారని భయం. ఇంత భయం ఉన్న రాష్ట్రంలోనే 2019-21 సర్వేలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న స్త్రీలు నూటికి ఐదుగురు కూడా లేరు. భయపడ్డవాళ్లు అవయవమే తీయించుకుంటారు, పరీక్ష చేయించుకోరు. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేల మందికి పైగా స్త్రీలతో జరిగి 2009లో వెలువడిన అధ్యయనం, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసినా ఈ క్యాన్సర్ మరణాలు సగానికి తగ్గుతాయని చూపింది. బెవాసిజుమాబ్ ఇచ్చే నాలుగు నెలలనూ ఈ ఫలితాన్నీ ఒకే తక్కెడలో వేయడం అన్యాయమంటారు కొందరు. ఒకటి వైద్యం, ఒకటి నివారణ అంటారు. ప్రభుత్వ ఖజానా ఒక్కటే కాబట్టి వేయక తప్పదని నేనంటాను. వీఈజీఎఫ్ కణితిలో నాళాలు మొలిపించడానికి ఏళ్ల ముందే హెచ్‌పీవీ అక్కడ కూర్చుని ఉంటుంది. ఆ ఏళ్లలో దాన్ని పట్టుకోవచ్చు.

హెచ్‌పీవీని ముందే అడ్డుకునే టీకా విషయంలో గోదావరి ఒడ్డునే ఒక పాత గాయం ఉంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంత గిరిజన హాస్టళ్లలోని పిల్లలతో సహా, సుమారు 14 వేల మంది బాలికలకు పాత్ అనే సంస్థ ప్రదర్శన కార్యక్రమంలో హెచ్‌పీవీ టీకా వేశారు. ఖమ్మం, వడోదరల్లో కొందరు పిల్లల మరణాల వార్తలు, తల్లిదండ్రుల సమ్మతి సరిగా తీసుకోలేదన్న ఆరోపణలు చెలరేగాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. సమ్మతి తీసుకున్న తీరును మాత్రం 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. రెండూ నిజమే. ఆ నిలుపుదల దేశంలో నడుస్తున్న మరో టీకా ప్రయోగాన్నీ మధ్యలో ఆపింది. అందులో ఒకే డోసుతో మిగిలిపోయిన బాలికలను పదేళ్లు గమనిస్తే, ఆ ఒక్క డోసూ దాదాపు అంతే రక్షణ ఇచ్చిందని తేలింది. ఒకే డోసు చాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటకు అది ఒక ఆధారమైంది.

ఇక మందు ధర. 2016లో హైదరాబాద్ కంపెనీ హెటెరో సిజుమాబ్ పేరుతో, 2019లో డాక్టర్ రెడ్డీస్ వెర్సావో పేరుతో బెవాసిజుమాబ్ బయోసిమిలర్లను ఇక్కడ విడుదల చేశాయి. అసలు బ్రాండు కన్నా చవక. చవకయ్యాక వచ్చే తలనొప్పి వేరు. అవసరం లేనివాళ్లకూ రాసేయడం సులువవుతుంది. వీఈజీఎఫ్ ఎంత ఉందో చూసి ఎవరికి ఇవ్వాలో చెప్పే రక్తపరీక్ష ఏదీ ఈనాటికీ వైద్యుల చేతికి రాలేదు. కీమో మొదటి వంద రోజుల్లో రక్తంలోని సీఏ-125 అనే కణితి గుర్తు దిగే వేగాన్ని కొలిచి, అది మందకొడిగా దిగేవాళ్లకు బెవాసిజుమాబ్ ఎక్కువ మేలు చేయవచ్చనే కెలిమ్ అనే లెక్క మాత్రం ఆశ పుట్టిస్తోంది. దానికి కావలసింది మూడు నాలుగు సీఏ-125 పరీక్షలు, ఒక కంప్యూటరు. అప్పటిదాకా నాలుగో దశ, ఆపరేషన్‌లో తీయలేక మిగిలిపోయిన కణితి, పొట్టలో నీరు — ఈ మూడే నమ్మదగ్గ గుర్తులు.

మోతాదు లెక్క కూడా ఇంట్లో డబ్బు లెక్క చూసుకునేవాళ్లు తెలుసుకోవాలి. జీఓజీ-218 కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున 15 నెలలు ఇచ్చింది. ఐకాన్-7 కిలోకు 7.5 చొప్పున 12 నెలలు. ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు రెండూ దగ్గరదగ్గరి లాభమే చూపాయి, ఒకదాన్ని మరోదానితో నేరుగా పోల్చిన పరీక్ష అది కాకపోయినా. 15 నెలలకు బదులు 30 నెలలు ఇచ్చి చూసిన జర్మన్ ప్రయోగంలో పొడిగించినందువల్ల ఏ మేలూ కనిపించలేదు. 53 కిలోల మనిషికి చిన్న మోతాదు అంటే దాదాపు సరిగ్గా ఒక 400 మిల్లీగ్రాముల వయల్. పెద్ద మోతాదుకు రెండు. రెండో వయల్ ఎందుకో, ఎన్నాళ్లో, ఆపేది ఎప్పుడో డాక్టర్ను అడగడానికి రోగికి హక్కుంది.